సున్నపుతేట బలము

ఆగ్రాలో పేఠా చేయువారు గుమ్మడిముక్కలను సున్నపునీట నానవేయుదురు. మన యిండ్లలో నా మిఠాయి చేయబూనువారిలో ననేకులు, సున్నము హెచ్చించినకొలది తేటకు బలము హెచ్చునని తలంతురు. అది సరికాదని మేము చెప్పక తప్పదు. సున్నము చక్కెరవలె కరగునది కాదు. 20 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో లీటరు నీరు ఇంచుమించు 1.7 గ్రాముల తడిసున్నమును మాత్రమే తనలో నిముడ్చుకొనును. తక్కినది శేరు వేసినను మడ్డియై యడుగున నిలుచును. వింతయేమనగా, మరుగునీటిలో నందు సగమైనను కరగదు!

ఇంత స్వల్పమును కొలుచుట యెట్లు? కాచి చల్లార్చిన నీటిలో సున్నము మిగులునంతగా కలిపి, సీసాకు బిరడా బిగించి, మాటిమాటికి కుదుపుచు, ఒకే వేడిమిలో నొకటిరెండు దినము లుంచవలెను. పిమ్మట వడగట్టిన తేటను ఇగిర్చి తూచరాదా యందురేమో! గాలి సోకినంతనే తేటపై పొరగట్టి సున్నము సుద్దగా మాఱును, తూనిక తప్పును. కావున రసాయనశాస్త్రజ్ఞులు తేటలో ఫినాల్ఫ్తలీను చుక్క వేయుదురు. పసుపు సున్నముతో కలసి యెఱ్ఱనగునట్లే, యదియు గులాబివన్నె దాల్చును. అంతట బలము తెలిసిన ఆమ్లమును బొట్టుబొట్టుగా విడిచి, వన్నె విఱుగువఱకు పట్టిన కొలతనుబట్టి సున్నమును లెక్కింతురు.

పేఠాకు మడ్డి పనికిరాదు, తేట చాలును. ఆ మడ్డిని, తాంబూలపు సున్నమును బిడ్డల చేతికందనీయకుడు. కంటబడినచో చూపునకే ముప్పు. తత్క్షణమే ధారాళముగా మంచినీట కడుగుచు, వైద్యునికడకు కొనిపోవలయును.