అవసరానికి మొలిచే ముల్లు

ప్రాణికి రక్షణ పుట్టుకతోనే వస్తుందని మనలో చాలామంది నమ్మకం. తాబేలుకు డిప్ప, ముళ్ళపందికి ముళ్ళు జన్మసిద్ధమైన ఆస్తులని పాఠశాల నాటినుండి చదువుకొని ఉన్నాము. ఈ అభిప్రాయం అసత్యం కాదు గాని అసంపూర్ణం. శత్రువు జాడ తెలిసినప్పుడే కవచం నిర్మించుకొని, ఆ జాడ లేనప్పుడు దాని జోలికి పోని ప్రాణులు ప్రకృతిలో అనేకం. దీనిని ప్రేరిత రక్షణ అనవచ్చు. తెలుగు చెప్పుకొనే మాకు ఈ జీవశాస్త్ర విషయంతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చు. పని ఉన్నది; అది మన కళాశాలకు సంబంధించినదే.

చెరువులలో, కుంటలలో ఉండే డాఫ్నియాను జంతుశాస్త్ర విద్యార్థులు సూక్ష్మదర్శినిలో చూచే ఉంటారు. కొన్ని మిల్లీమీటర్లకు మించని జీవి అది. కేయోబోరస్ అనే ఒక దోమవంటి కీటకపు లార్వా దీనిని వేటాడుతుంది. ఆ లార్వా నీటిలో విడిచే రసాయనాలు సోకితే చాలు, డాఫ్నియా పిల్లలకు మెడ వెనుక సన్నని పళ్ళవంటి ముళ్ళు మొలుస్తాయి. మింగబోయిన లార్వాకు పట్టు దొరకదు. ఇక్కడ గమనింపదగినది ఒకటున్నది. డాఫ్నియా సాధారణంగా అనిషేక జననం ద్వారా, అనగా మగజీవి ప్రమేయం లేకుండా, సంతానం కంటుంది. ఒకే తల్లి కూతుళ్ళందరి జన్యుసంపద ఒక్కటే. అయినా స్వచ్ఛమైన నీటిలో పెరిగిన దానికి ముళ్ళు లేవు, శత్రువున్న నీటిలో పెరిగిన దానికి ఉన్నవి. ఒకే వంశపు డాఫ్నియాలు పరిస్థితులనుబట్టి వేరువేరు రూపాలు దాలుస్తాయని జర్మన్ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ వోల్టెరెక్ 1909లోనే చెప్పినాడు.

మమ్మల్ని మరింత ఆలోచింపజేసినది 1999లో ప్రకటితమైన పరిశోధన. అగ్రవాల్, లాఫోర్ష్, టోల్రియన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు డాఫ్నియాలో మరొక జాతిని పరిశీలించినారు. ఈ జాతికి తలపై శిరస్త్రాణం పెరుగుతుంది. తల్లి శత్రువు జాడ ఎరిగినదైతే పిల్లలు పెద్ద శిరస్త్రాణంతో పుడుతున్నట్లు తేలినది. తాము స్వయంగా ఎరుగని భయాన్ని ఆ పిల్లలు తలపై మోస్తున్నవన్నమాట.

ఇక మొక్కల సంగతి. పొగాకు మొక్క నికొటిన్‌ను వేళ్ళలో తయారుచేసి ఆకులకు పంపుతుంది. పురుగు ఆకును కొరికితే ఆ తయారీ హెచ్చుతుంది. ఎప్పుడూ హెచ్చుగానే ఉంచుకొంటే ఏమి? అమెరికాలో అడవి పొగాకుపై ఇయాన్ బాల్డ్విన్ చేసిన ప్రయోగం (1998) ఇందుకు సమాధానం చెప్పింది. రక్షణను కృత్రిమంగా మేల్కొలిపిన మొక్కలు, పురుగుల దాడి ఉన్నచోట ఇతర మొక్కలకంటె ఎక్కువ విత్తనాలిచ్చినవి. దాడి లేనిచోట తక్కువ విత్తనాలిచ్చినవి. విత్తనానికి చేరవలసిన నత్రజని విషానికి వ్యయమైతే మరేమవుతుంది? కెన్యాలో ఒక జాతి తుమ్మచెట్లను మేసే జంతువులు తాకకుండా కంచె వేసి చూచినారు. కొత్తగా వచ్చిన ముళ్ళు పొట్టివైనవి. అయితే ఇది ఒక్కరోజులో జరిగిన మార్పు కాదు. చెట్టుకు నమ్మకం కుదరడానికి కాలం పట్టింది.

శత్రువు నిత్యం ఎదుటనే ఉంటే శాశ్వత కవచమే మేలు. ఈ మాట మేము ముందే ఒప్పుకొంటాము. భయం కారణం లేనిదని చెప్పడం మా ఉద్దేశం కాదు. ముళ్ళు లేని డాఫ్నియాను లార్వా మింగుతుంది. ప్రమాదం వచ్చిపోయేదైనప్పుడు, దాని జాడ నమ్మదగినదైనప్పుడు మాత్రమే ప్రేరిత రక్షణ లాభిస్తుంది. డాఫ్నియా నీటిలో ఉన్న రసాయనాన్నే గ్రహిస్తుంది. మనమో, బజారులో పుట్టిన వదంతిని కూడా జాడగానే తీసుకొంటాము.

ఉర్దూ మాధ్యమంలో చదివి మా తరగతికి వచ్చే విద్యార్థి మొదటి వారంలో లేచి తెలుగులో ఒక వాక్యం చెబుతాడు. ‘ళ’ కాస్తా ‘ల’ అయిందని వెనుక బల్లపై ఎవరో నవ్వుతారు. ఆ నాటినుండి అతనికి మౌనమే శిరస్త్రాణం. నవ్వినవారు డిగ్రీ పుచ్చుకొని వెళ్ళిపోయినా ఆ మౌనం దిగదు. మూడేళ్ళ తరువాత అతని తమ్ముడు వస్తాడు. వాణ్ణి చూచి ఎవరూ నవ్వి ఎరుగరు. అయినా “భాయ్‌జాన్ చెప్పారు సార్, తెలుగు క్లాసులో నోరు మెదపవద్దని” అంటాడు. పరీక్షలో మార్కులు బాగానే తెచ్చుకొంటాడు గాని, ఇంటర్వ్యూలో నాలుగు మాటలు చెప్పవలసి వచ్చినప్పుడు తడబడతాడు. అడవి పొగాకు పోగొట్టుకొన్న విత్తనాలు మాకు గుర్తుకు వచ్చేది అప్పుడే.

కమిటీ పెద్దలకు కూడా ఒక మాట మనవి చేసుకొంటాము. కొన్నేళ్ళ క్రితం పట్టణంలో అల్లరి జరిగినప్పుడు గ్రంథాలయాన్ని సాయంత్రం నాలుగు గంటలకే మూసివేయాలని నిర్ణయించినారు. ఆనాటికి అది వివేకమే, మేమూ సమ్మతించినాము. అల్లరి వారంలో చల్లారినది. నాలుగు గంటల నియమం మాత్రం నేటికీ అమలులో ఉన్నది. ప్రయోగశాల ముగించుకొని నాలుగున్నరకు వచ్చే సైన్సు విద్యార్థినులకు తాళం తప్ప పుస్తకం కనబడదు. ఇంటివద్ద చదువుకొనడానికి ప్రత్యేకమైన గది వారిలో ఎందరికున్నది? ఈ నియమం ఎందుకు వచ్చినదో కొత్తగా చేరిన పిల్లలకు తెలియనే తెలియదు. కళాశాల అంటే ఇంతే కాబోలని అనుకొంటున్నారు.

ఇకముందు జాగ్రత్తకోసం ఏ నియమం చేసినా, దానిని తిరిగి పరిశీలించే తేదీని ఆ తీర్మానంలోనే వ్రాయవలసిందని కోరుతున్నాము. గ్రంథాలయ వేళల విషయం విద్యాసంవత్సరారంభంలో జరిగే సమావేశంలోనే చేర్చవలసింది. ఆరు గంటలవరకు తెరచి ఉంచడానికి మనుషులు చాలరన్న అభ్యంతరం రావచ్చు. వారంలో రెండు సాయంత్రాలు తెలుగు విభాగం పక్షాన మేము కూర్చొనడానికి సిద్ధంగా ఉన్నాము.