జల్లెడ వేరు, వేగు వేరు

ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మా జువ్వలదిన్నెలో మరపడవలు ఒడ్డు దాటవు. వేటకు నిషేధం, బడులకు సెలవులు. పెద్దలూ పిల్లలూ ఇంటిపట్టునే, అందరి చేతులలోనూ ఫోనులే. అటువంటి రోజుల్లో ఒకనాడు మా బావ నన్ను పిలిచి ఒక కోరిక కోరాడు. "పిల్లోడికి తెలియకుండా ఏదైనా పెట్టు అబ్బయా, వాడేం చూస్తున్నాడో నా ఫోనులో కనపడాల."

నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో వ్రాయవలసి వచ్చింది, ఏలనన బావ కోరికను సమర్థించే విద్యాధికులైన మిత్రులు నాకు పలువురు ఉన్నారు.

జల్లెడ రాయిని ఆపుతుంది. వేగు మనిషిని వెంటాడుతుంది. చాటుగా కాపలా కాసే ఇంట్లో పిల్లవాడు మొదట నేర్చేది చాటుతనమే.

"మనకెందుకీ తంటా, ప్రభుత్వమే ఆపాలి" అనే మిత్రులకు 2006 జూలైని గుర్తుచేస్తాను. ముంబయి రైలు పేలుళ్ల తరువాత కేంద్రం కొన్ని పుటలను ఆపమంటే, కొన్ని జాలసేవా సంస్థలు బ్లాగ్‌స్పాట్‌ను సాంతం మూసివేశాయి. మన టపాలు మనకే కనబడని ఆ రోజులు అప్పుడే మరచామా? ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లో నిషేధించింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. కావలసిన చట్టమే, కాదనను. అయితే పేరు మార్చుకొని తలుపు తట్టే సైటుకు గడియ వేయవలసింది ఇంటివారే.

నేను సూచించినది రౌటరులో డీఎన్ఎస్ మార్పు. సైటు పేరు చెబితే దాని అంకెల చిరునామా చూపేది డీఎన్ఎస్. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో తెచ్చిన 1.1.1.3ను అక్కడ వ్రాస్తే, అశ్లీల, హానికర సైట్లకు దారి చూపదు. పైకం అక్కరలేదు. ఓపెన్‌డీఎన్ఎస్‌లో ఖాతా తెరిస్తే ఏ వర్గాలు మూయాలో మనమే ఎంచుకోవచ్చు, జూదంతో సహా. చిల్లులు లేవని బొంకను. మొబైల్ డేటాకు మారితే ఈ జల్లెడ లేనట్లే. విహరిణి తన సొంత గుప్త డీఎన్ఎస్ వాడుకున్నా అంతే. యూట్యూబులో పాఠాన్నీ చెత్తనూ విడదీయడం దీని తరం కాదు, రెంటికీ సైటు పేరు ఒక్కటే కనుక.

అయినా నేను దీనినే ఎంచుకున్నాను. రౌటరు జల్లెడ వయసు అడగదు. ఇది విన్నాక బావ ముఖం మారింది.

"అంటే, నా ఫోనుకూనా?"

"నీ ఫోనుకే ముందు."

2025 నుండి వేట నిషేధ భృతి రూ.20,000. ఆ సొమ్ము పడే ఖాతా ఎవరి ఫోనులో ఉంది? పదమూడేళ్ల పిల్లవాడి ఫోనులో కాదు గదా! జూదపు వాకిలి తెరిచి ఉంచి పిల్లవాడి బొమ్మల పెట్టెకు తాళం వేసేవాణ్ణి సంరక్షకుడని ఎలా అనను?

బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవనాడు మా అక్కే పిలిచి ఆ మార్పు చేయించింది, మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, ఏ వర్గం ఎందుకు మూస్తున్నామో వాడికి చెబుతూ. రౌటరు సంకేతపదం ఇప్పుడు అక్క దగ్గరే ఉంది. నాకు కూడా తెలియదు.