పది అడ్డుగడెలకు గతి లేదా?

2024 ఆగస్టు నెలలో పారిస్ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలయందు, పురుషుల 110 మీటర్ల హర్డిల్సు పరుగులో అమెరికా దేశీయుడగు గ్రాంట్ హాలొవే 12.99 సెకనులలో గమ్యము చేరి స్వర్ణ పతకమును గైకొనెను. ఆ పందెమునకు నానా దేశములనుండి వచ్చిన వారిలో భారతీయుడొక్కడును లేడు. గెలిచినవారి పట్టికలో లేకపోవుట యటుండగా, ఓడినవారి పట్టికలో సైతము మన పేరు లేదు. ఈ సంగతి మన పఠన మందిరములలో ఎందరిని కలవరపెట్టినది? క్రికెట్టులో ఒక్క క్యాచి చేజారినచో రాత్రి తెల్లవార్లు వాదులాడుకొను పట్టణవాసులు ఈ లోపమును లోపముగనైనను ఎంచలేదు. ఎంచని లోపము దిద్దబడు టెట్లు?

మనవారికి ఈ విద్య అబ్బదనుటకు వీలులేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడలయందు డెకాథ్లానులో, అనగా పది అంశముల పోటీలో, స్వర్ణము గెలిచిన గురుబచన్ సింగ్ రంధావా, 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఈ హర్డిల్సు తుదిపోటీకి చేరి ఐదవ స్థానమున నిలిచెను. అటుపిమ్మట పారిస్ వఱకు గడచిన అరువదియేండ్లలో ఒలింపిక్ తుదిపోటీకి మఱియొక భారతీయుడు చేరలేదు. 2024 మే నెలలో ఫిన్లాండు దేశమున మహారాష్ట్ర యువకుడగు తేజస్ శిర్సే 13.41 సెకనులలో పరుగెత్తి, 2017 నాటి 13.48 జాతీయ రికార్డును చెఱిపివేసెను. పారిస్ పోటీకి నేరుగా ప్రవేశము పొందుటకు విధించిన కాలము 13.27. కొఱవడినది 0.14 సెకను. దానిని పది గడెలకు పంచి చూడుడు: గడె యొక్కింటికి సెకనులో వేయింట పదునాలుగు పాళ్లు! కనురెప్పపాటుకంటె ఎంతయో స్వల్పమైన ఈ కాలమును జాతి ఎక్కడ పోగొట్టుకొనుచున్నది? యూరపు క్రీడాంగణములలో కాదు. పండ్రెండేండ్ల బాలురు వట్టి చేతులతో నిలుచు మన పాఠశాలల ఆటస్థలములలో పోగొట్టుకొనుచున్నది.

ఈ పరుగు స్వరూపమెట్టిదో తెలిసిన గాని మా వాదము బోధపడదు. పురుషుల పందెమున గడె యెత్తు 106.7 సెంటీమీటర్లు. మన పుంగనూరు ఆవు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్ల యెత్తే కావున, ఆ గడె దాని వీపుకంటె ఎత్తైనది. అట్టి గడెలు పది. మొదటిది బయలుదేరు గీతకు 13.72 మీటర్ల దూరమున నుండును. గడెకును గడెకును నడుమ 9.14 మీటర్లు, కడపటి గడె దాటిన పిమ్మట గమ్యమునకు 14.02 మీటర్లు. నడిమి దూరమును నేర్చినవాడు మూడే యడుగులలో కొలుచును. నేర్వనివాడు తడబడి నాలుగో ఐదో వేయును. నేర్చినవాడు గడెమీద దుముకడు. పరుగు చెడకుండ దానిని దాటిపోవును. ముందుకాలు చాచుటయు, వెనుకకాలు ప్రక్కగా మడచి తెచ్చుటయు, నడుము వంచుటయు, నేల తాకిన మరుక్షణమున మరల పరుగందుకొనుటయు ఎవరో ఒకరు కనిపెట్టి చూచి, వేలమారులు దిద్దినగాని పట్టుబడవు.

వట్టి పరుగునకు కాళ్లున్న చాలును. పొలము గట్టుననైనను పరుగెత్తవచ్చును. హర్డిల్సునకు సాధనము కావలెను, గురువు కావలెను. సాధన మనగా ఏ కంచెయో నాటి దూకుమనుట కాదు. సరియైన హర్డిలు కాలు తగిలినంతనే ముందునకు ఒరగవలెను. దానిని పడద్రోయుటకు 3.6 నుండి 4 కిలోగ్రాముల బలము చాలునట్లు బరువు కూర్పవలెనని నియమము. ఒరగని కంచె మోకాలిని విఱుచును. ఒక్కసారి దెబ్బతిన్న బాలునికి జన్మమంతయు వెఱపు. అందుచేత ఈ ఒక్క పరుగును చూచినచో ఒక సమాజము తన బిడ్డలకు ఏమి సమకూర్చినదో తేటతెల్లమగును. బాలుని సత్తువ ఎంత గొప్పదైనను పెద్దల యుపేక్షను అది కప్పిపుచ్చజాలదు.

స్త్రీల 100 మీటర్ల హర్డిల్సులో గడె యెత్తు 83.8 సెంటీమీటర్లు. ఎత్తు వేఱైనను విద్య యొక్కటియే. ఆ విద్యలో తెలుగుదేశమునకు కీర్తి తెచ్చినది విశాఖపట్టణపు శ్రామిక కుటుంబమున బుట్టిన జ్యోతి యర్రాజి. 2022 అక్టోబరులో బెంగుళూరున 12.82 సెకనులలో పరుగెత్తి, పదమూడు సెకనుల హద్దును దాటిన ప్రథమ భారత వనిత యయ్యెను. 2023లో బ్యాంకాకునందును, 2025లో కొరియా దేశపు గూమీయందును ఆసియా స్వర్ణము గెలిచెను. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో, ముందుగా కదలిన చైనా క్రీడాకారిణితోపాటు తన్నును తొలగింపజూచినపుడు, జంకక అక్కడనే అభ్యంతరము తెలిపి, పరుగెత్తి, తుదకు రజత పతకమును పొందెను. పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఆ పందెమున నిలిచిన ప్రథమ భారత వనితయు నామెయే.

ఆమె దాటవలసివచ్చిన గడెలన్నియు పరుగు బాటమీదివే కావు. 2020 జనవరిలో మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయముల పోటీలో ఆమె 13.03 సెకనులలో గమ్యము చేరెను. నాటి జాతీయ రికార్డు 2002 నుండి నిలిచియున్న 13.38. అయినను ఆమె పరుగు రికార్డుగా లెక్కకు రాలేదు. ఏల? ఉత్ప్రేరక పరీక్ష జరుగలేదట. సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడట! పరుగెత్తవలసిన పిల్ల పరుగెత్తినది. రావలసిన పెద్దలు రాలేదు. శిక్ష యెవరికి? పిల్లకు! శిక్షణకై ఆమె హైదరాబాదు, గుంటూరు, తుదకు భువనేశ్వరము చేరవలసి వచ్చెను. ఆమెను తీర్చిదిద్దిన ఒడిశావారిని అభినందింతము. కాని పతకము వచ్చినపుడు మా బిడ్డ యని చంకలు గ్రుద్దుకొను తెలుగువారు, బిడ్డ పొరుగు రాష్ట్రమునకు ఏల పోవలసివచ్చెనని తమ్ము తాము ప్రశ్నించుకొనవలదా?

కబడ్డీ యుండగా ఈ పరదేశపు క్రీడ యేల యని కొందఱందురు. పరదేశమునుండి వచ్చిన క్రికెట్టునకు వీథులు విడిచి యిచ్చినవారు హర్డిల్సు కడ స్వదేశాభిమానమును తలచుకొనుట వింత. బీద దేశమునకు పతకములేల యని మఱికొందఱందురు. జమైకా మనకంటె ఎంత చిన్న దేశము! 2016లో రియో నగరమునందును, 2021లో జరిగిన టోక్యో పోటీలయందును పురుషుల హర్డిల్సు స్వర్ణమును గైకొన్నది ఆ దీవియే. వ్యాయామ కాలములో లెక్కలు చెప్పినచో మార్కులు వచ్చునని ఇంకను కొందఱందురు. మార్కులకై దేహమును ఎండగట్టు చదువు గుమాస్తాలను పుట్టించునేమో కాని పౌరులను పుట్టింపజాలదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణముల మహాజనులారా! ఇది దూరదేశపు ముచ్చట కాదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలలోనే రవీంద్రనాథ ఠాకూరు జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించెను. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరము కుదిర్చెను. ఆ గీతము బ్యాంకాకులోను, గూమీలోను విశాఖ బిడ్డ గెలుపునకు మ్రోగినది. దానికి స్వరము కుదిరిన గడ్డమీది బాలుడు ఎన్నడైనను దానిని పరదేశమున మ్రోగింపవలదా?

మీ పట్టణపు ఉన్నత పాఠశాలకు రేపే వెళ్లి చూడుడు. ఒరగు హర్డిళ్లు పదియైన గలవా? 110 మీటర్ల తిన్నని బాట కొలిచి గీత గీయబడినదా? వ్యాయామోపాధ్యాయుడు గలడా? ఉన్నచో ఆయన కాలము ఆయనకు దక్కుచున్నదా? ఉన్నవన్న జవాబు వచ్చినచోట ఆ పెద్దలకు నమస్కరింపుడు. లేవన్నచోట పురపాలక సంఘమును అడుగుడు, శాసనసభ్యుని అడుగుడు, జవాబు వచ్చువఱకు అడుగుడు.

మేము కోరునది మహాసౌధములు కాదు. మూడు పట్టణములలో పట్టణమునకొక కొలిచిన బాట. ఎత్తు మార్చుటకు వీలైన పది గడెలు. వాని నుపయోగింప నేర్చిన ఒక గురువు. పదునెనిమిదేండ్లలోపు బాలురకు నియమించిన యెత్తు 91.4 సెంటీమీటర్లే, చిన్నవారికి నేలకు జానెడెత్తున వెదురు కర్ర పఱచి యడుగుల లెక్క నేర్పవచ్చును. ఏటేట మూడూళ్ల బాలబాలికలకు ఒక పందెము: ఒక యేడు బిసెంటు కళాశాల వెలసిన మదనపల్లెలో, ఒక యేడు పుంగనూరులో, ఒక యేడు ద్రావిడ విశ్వవిద్యాలయము గల కుప్పములో. కాలమును సరిగా వ్రాయుడు. గాలి వేగమును వ్రాయుడు. గెలిచిన పిల్లల పేరులు పఠన మందిరపు గోడమీద నంటింపుడు. నాయకుల నిలువెత్తు చిత్రపటములకును, పూలమాలలకును వెచ్చించు ధనములో కొంత మిగిల్చినచో ఇది నెఱవేరును.

పతకము గెలిచిన నాడు ఊరేగింపునకు రథము సిద్ధపఱచు జాతి మనది. ఆ రథముమీద ఎక్కవలసిన బాలుడు నేడు మీ వీథిలోనే యున్నాడు. వాని కాళ్లకు సత్తువ కలదు, కన్నులకు ఆశ కలదు. లేనివి పది గడెలు. అవి చేయుటకు వడ్రంగి యున్నాడు, కమ్మరి యున్నాడు. చేయించు పెద్ద యొకడు కావలెను. ఆ పెద్ద మీలో ఎవడు?