మేత బీడుకూ హద్దురాయి వేయాలి

రాష్ట్రంలో భూముల రీసర్వేకు 2020 డిసెంబర్ 21న శ్రీకారం చుట్టింది మా జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులోనే. పట్టా భూమి హద్దుల మీద పెట్టిన శ్రద్ధే ఊరుమ్మడి మేత బీడు మీదా పెట్టాలని, నందిగామ పక్కన మిర్చి, పత్తి పండించే రైతుగా అడుగుతున్నాను.

బీడంటే మాకు గరిక, నెండ్ర గడ్డి, మధ్యమధ్య తంగేడు, రేగు పొదలు. ఆ గడ్డే మా చేలకు ఎరువై వస్తుంది. పత్తికట్టె పీకాక కాపరిని పిలిచి గొర్రెల మంద కట్టిస్తాం. పొద్దుగూకే వేళ చేలో చుట్టూ వల కట్టి జీవాలను లోపలికి తోలుతారు. రాత్రంతా పడిన పెంట, మూత్రం డెక్కల కింద నలిగి మట్టిలో కలుస్తాయి. మర్నాడు వల పక్క చెక్కకు జరుగుతుంది. కాపరికి రాత్రికింతని ఇస్తాం. మంద కట్టిన చెక్కలో మిర్చి ఏపుగా లేస్తుంది; ఆ బలం మరుసటి ఏడూ తెలుస్తుంది. ఎరువు కట్టల అప్పు తీరక అల్లాడే రైతుకు ఇది చిన్న ఆసరా కాదు.

అయితే తొలకరి నుంచి చేలన్నీ పైరు మీద ఉంటాయి. అప్పుడు మంద ఎక్కడ మేయాలి? వానాకాలం బీడు లేకపోతే ఎండాకాలం మంద లేదు. ఇప్పుడా బీడులోకి ఒకపక్క నాగళ్లు, ఇంకోపక్క సున్నపురాయి క్వారీలు వస్తున్నాయి. మిగిలినచోట సర్కారు తుమ్మ కమ్మేసి గడ్డిని మొలవనివ్వడం లేదు.

ఊళ్లో మేత లేకపోతే ఏమవుతుందో మా కథలే చెబుతాయి: కరువులో మేత కోసం ఆలమందను అడవికి తోలుకెళ్లి పులి వాత పడ్డ గోపయ్య కథ పెనుగంచిప్రోలు తిరుపతమ్మ భక్తులందరికీ తెలిసిందే. బీడు దున్నితే నేలకూ ముప్పే. అమెరికాలో గోధుమ కోసం ప్రెయిరీ గడ్డినేలలు దున్నేస్తే, 1930ల కరువులో మట్టిని పట్టి ఉంచే వేళ్లు లేక నేల దుమ్మై లేచింది. 1935లో నేల సంరక్షణకు అక్కడ చట్టమే చేయాల్సి వచ్చింది.

బీడును ముట్టొద్దంటే, మరి పేదలకు ఇళ్ల స్థలాలు వద్దా అని అడుగుతారు. తప్పకుండా కావాలి. కానీ సొంత సెంటు లేకపోయినా రెండు మేకలు, ఒక గేదె పెట్టుకుని బతికేదీ ఆ పేదలే. వాళ్ల జీవాల మేత తీసుకుని వాళ్లకే స్థలమివ్వడం న్యాయం కాదు.

ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని మేత పోరంబోకును 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామ పంచాయతీకే అప్పగించింది. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న రాష్ట్రాలను ఆదేశించింది. ఐక్యరాజ్య సమితి 2026ను మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది.

మనం చేయాల్సింది ఊళ్లోనే ఉంది. బీడు విస్తీర్ణాన్ని సర్వే నంబర్లతో సహా గ్రామసభలో చదవాలి. చుట్టూ రాళ్లు పాతాలి. ఉపాధి పనుల కింద సర్కారు తుమ్మను వేళ్లతో పీకించాలి. ఏటా సగం బీడును గడ్డి గింజ రాలేదాకా మూసి, మిగతా సగంలో మేపుకోవాలి. ఏ సగం ఎప్పుడు తెరవాలో కాపరులతో కూర్చుని తేల్చాలి. గడ్డి సంగతి వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు.