మట్టెవాడ ఇళ్ల కోసం మా ప్రణాళిక

వరంగల్ మట్టెవాడలో పుట్టినవాళ్లం, పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం, సొంతిల్లు ఉన్నవాళ్లం, నెలనెలా కిరాయి కట్టేవాళ్లం కలిసి ఈ మాట రాసుకుంటున్నాం. ఇంట్లో అడుగుపెట్టగానే అందులో ఎవరుంటారో తెలియాలి. మా కోరిక ఇదే, మిగతావన్నీ దీన్నుంచి వచ్చినవే.

కొన్నేళ్లుగా మా గల్లీల్లో లేస్తున్న ఇళ్లలో ఎక్కడికెళ్లినా ఒకటే హాలు. అదే బూడిదరంగు సోఫా, టీవీ వెనక అదే ప్యానెల్, పైన అవే ఫాల్స్ సీలింగ్ లైట్లు. ఫోన్‌లో బొమ్మ చూపించి చేయించుకున్నవి. అలాంటి ఒక ఇంటి అమ్మ బతుకమ్మ పేరిస్తే వాడకట్టంతా చూడ్డానికి వస్తుంది. ఆ ఇంటి పిల్లవాడి చేతి నుంచి డప్పు దిగదు. గోడల మీద మాత్రం వీళ్ల ఆనవాలు ఉండదు. ఇది మాకు బాధగా ఉంది. పైసలు లేక ఇలా జరగడం లేదు, ఎక్కడ వెతుక్కోవాలో మరిచిపోయాం.

అందుకే ముందు మన అటక దించమంటాం. ఇత్తడి బిందె, పాత సందుగ, నాయనమ్మ పెళ్లిచీర బయటికి రానివ్వండి. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ ఊళ్లో వేల కుటుంబాలకు అన్నం పెట్టింది, ఇప్పుడది లేదు. అందులో పనిచేసిన తాత ఫొటో బీరువాలో ఉంటే, దాని చోటు హాలు గోడ.

తర్వాత కొత్తవాడ. మనకు నడిచివెళ్లేంత దూరం. 1851లో లండన్ మహాప్రదర్శనకు వెళ్లిన వరంగల్ తివాచీల వారసత్వం అక్కడి మగ్గాల మీద షత్రంజీలుగా మిగిలింది. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు మారే చోట ఒక పేక పోగును పక్క రంగు పోగుతో మెలేసి నేస్తారు. షత్రంజీని రెండువైపులా పరచుకోవచ్చు, ఏళ్లకేళ్లు మన్నుతుంది. ఇంత దగ్గర్లో ఇది పెట్టుకుని ఎక్కడిదో యంత్రం అచ్చేసిన కార్పెట్ పరుచుకోవడం మాకు సమ్మతం కాదు. నేసేవాళ్ల దగ్గర కూర్చుందాం, మన గది కొలత చెబుదాం, మనకు నచ్చే రంగులు చెబుదాం. వాళ్లడిగినన్ని రోజులు ఆగుదాం. ధర దగ్గర బేరమాడం.

చేర్యాల పటాల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసేవారు. ఆ పటం గోడకు తగిలించేందుకు పుట్టలేదు. కూనపులివాళ్లు దాన్ని విప్పి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథకు ఒక పటం. చూసేవాళ్లకు అందులో తమ పుట్టుక, తమ పని కనిపించేవి. కాబట్టి చేర్యాల బొమ్మ కొనేటప్పుడు ఏదో ఒకటి తెచ్చుకోవద్దు. మీ కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చింది, ఏం చేసి బతికింది, ఎవరు ఎవర్ని ఎదిరించి పెళ్లి చేసుకున్నారు, ఇవన్నీ చిత్రకారుడికి చెప్పి వేయించుకోండి. పెంబర్తి ఇత్తడి రేకు పనివాళ్లను కూడా ఇలాగే అడగొచ్చు. తలుపుకు కొట్టే రేకు మీద మీ పెరటి జామచెట్టు ఉంటే తప్పేంటి?

ఖిలాలోని కీర్తితోరణం నమూనా ఇప్పుడు ప్రతి గేటుకూ ఎక్కుతోంది. నమూనా కొనేముందు అసలు తోరణాల కింద ఒక పూట గడపండి. తామర మొగ్గలు, వేలాడే పూదండలు, పక్షులు, వీటిలో మీ కన్ను ఎక్కడ ఆగుతుందో చూసుకోండి. ఆ ఒక్క మొగ్గను వడ్రంగి మీ ఉయ్యాలబల్ల మీద చెక్కితే చాలు. కోట నుంచి, పాడుబడిన గుళ్ల నుంచి వచ్చిన చెక్కడపు రాయి ఒక్కటి కూడా మా ఇళ్లలోకి రానివ్వం. ఎవరైనా అమ్మజూపితే కొనం, ఆ సంగతి అధికారులకు చెబుతాం.

కిరాయి ఇళ్లవాళ్లు మేకు కొట్టలేరు, గోడ రంగు మార్చలేరు. అయినా వాకిట్లో ముగ్గు వాళ్లదే. చుక్కలు పెట్టే పద్ధతిని బట్టి ఏ ఇంటి చెయ్యో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఈ వాడలో ఉన్నారు. పరుపు మీద దుప్పటి, కిటికీలో తులసి, పిల్లలు గీసిన బొమ్మలు, ఇవి ఇల్లు మారినా వెంట వస్తాయి.

రంగుల విషయంలో మేం ఏ నియమమూ పెట్టం. చిలకపచ్చ గోడ ఇష్టమైతే చిలకపచ్చే వేసుకోండి. చుట్టాలు ఏమంటారోనని తెల్లరంగుకు ఒప్పుకోవద్దు.

దసరాకు సున్నాలు వేసుకునే ముందు, ఒక ఆదివారం అందరం కలిసి కొత్తవాడ మగ్గాల దగ్గరికి వెళ్తున్నాం. వచ్చేవాళ్లు తమ గది పొడవు, వెడల్పు కాగితం మీద రాసుకుని రండి. ఇంట్లో ఆడపిల్లలకు, ముసలివాళ్లకు ఏ రంగులు ఇష్టమో ముందే అడిగి రండి.