కాలిన ఆయిలు ఎవరి వాడలోకి?

ఊళ్ళో ట్రాక్టర్లు ఎవరివో చెప్పనక్కర్లేదు. వాటి కింద దూరి ఆయిలు దించే చేతులు ఎవరివో కూడా చెప్పనక్కర్లేదు. దించిన నల్లటి ఆయిలు ఎటు పోతోందో మాత్రం ఎవరూ అడగరు. షెడ్డు వెనక మోరీలోకి పోతోంది. మోరీ పల్లానికి పారుతుంది. పల్లంలో ఉన్నది మా వాడ. ఊరు కట్టిననాడే మురుగు పారే దిక్కున మనల్ని పెట్టారు గదా!

ఒక ట్రాక్టరు ఇంజనులో 6 నుంచి 8 లీటర్లు పడుతుంది. తిరిగి తిరిగి ఆ ఆయిలు ఇనుప రజను, సీసం, మసి మోసుకొస్తుంది. నీళ్ళలో పోస్తే కరగదు, పైన పొర కడుతుంది. రోజూ చేతులు అందులోనే నానితే చర్మానికి క్యాన్సరు ముప్పు. అయినా షెడ్డులో పని నేర్చుకునే మన పిల్లలు, సెంట్రింగు పలకలకు గుడ్డతో అదే ఆయిలు పూసే మన కూలీలు వట్టి చేతులతోనే చేస్తున్నారు. మనం మాత్రం తక్కువా? చెదకని దర్వాజాలకు పూస్తాం, గొడ్డు పుండుకూ పూస్తాం. ఇది మానాలి.

చట్టం లేక కాదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఇది అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే పోవాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి శుద్ధి చేయించే బాధ్యత ఆయిలు కంపెనీల మీద కూడా పెట్టారు. డబ్బా అమ్మటానికి మారుమూల పల్లెకు దారి దొరికినవాళ్ళకు, ఖాళీ డ్రమ్ము పెట్టటానికి దారి దొరకదా?

అప్పుచేసి ఆటో కొన్న తమ్ముళ్ళకు ఒక మాట. ఇంజను పోతే కిస్తీ ఆగదు. బండి చదునుగా నిలిపి, ఇంజను ఆపి, కాసేపాగి గేజి పుల్ల తుడిచి పెట్టి చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి. నల్లబడినంత మాత్రాన పాడైనట్టు కాదు. పాలచాయలో ఉంటే నీళ్ళు కలిశాయన్నమాట, ఇక బండి తిప్పొద్దు. నీలి పొగ వస్తే ఆయిలు మండుతోంది. ఫిల్టరు మార్చకుండా ఆయిలొక్కటే మార్చటం, స్నానం చేసి మాసిన బట్టలే కట్టుకోవటం లాంటిది. దించేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉంటే చాలు. మూతున్న డబ్బాలో పట్టండి, అందులో నీళ్ళూ పెట్రోలూ కలపొద్దు. చేతులు పెట్రోలుతో కాదు, సబ్బుతో కడగండి.

వచ్చే గ్రామసభలో డ్రమ్ము, పిల్లలకు చేతి తొడుగులు, మోరీ మళ్ళింపు, ఈ మూడూ అడుగుతున్నాం. "ఇన్నాళ్ళూ లేని గొడవ ఇప్పుడెందుకు?" అంటున్నాడు షెడ్డు ఆసామి. మోరీ పక్క మా చేతిపంపు నీళ్ళు సీసాలో పట్టి సభకు తెస్తున్నాం. మొదటి గ్లాసు ఆయనకే.