వంతపాటగాని పేరు

కళాబృందాల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణంగా ఒక్క పేరుతో ప్రారంభించి ఆ పేరుతోనే ముగిస్తారు. బుర్రకథ దళమైతే ఆ పేరు కథకునిది. తక్కిన ఇద్దరి ప్రసక్తి “వంతలు ఇద్దరు” అన్న రెండు మాటలతో సరిపోతుంది. ఈ అలవాటు తెలుగునాట ఎంతగా పాతుకొన్నదంటే, అది లోపమని కూడ ఎవరికీ తోచదు.

ఇతర దేశాలలో బృందచరిత్రను ఎట్లు భద్రపరుస్తారో ఒక ఉదాహరణ చూడవచ్చును. ఇంగ్లండులోని రెడింగు పట్టణంలో 1989లో స్లోడైవ్ అనే సంగీతబృందం వెలసింది. గిటారు నాదాన్ని పొగమంచువలె పరచి, గాయకుల గొంతును అందులో కలిపివేసే ఈ తరహా పాటకు అక్కడివారు డ్రీమ్ పాప్ అని పేరు పెట్టారు. నీల్ హాల్‌స్టెడ్, రేచెల్ గోస్వెల్ ఆ బృందపు గాయకులు. డ్రమ్ములు వాయించే సైమన్ స్కాట్ 1994లో తొలగిపోగా ఇయాన్ మెకచన్ ఆ స్థానానికి వచ్చాడు. 1995లో ‘పిగ్మేలియన్’ ఆల్బమ్ వెలువడిన వెంటనే రికార్డు కంపెనీ వారిని వదలివేసింది, బృందం చెదరిపోయింది. హాల్‌స్టెడ్, గోస్వెల్, మెకచన్ కలిసి మొజావే త్రీ అన్న పేరుతో వేరొక ధోరణిలో పాడసాగారు. 2014లో స్కాట్ తిరిగి రాగా పాత బృందం మరల కూడింది. 2017లోను, 2023లోను క్రొత్త ఆల్బమ్‌లు వెలువరించింది. ఇందులో గమనింపదగిన దొకటి ఉన్నది. వేదికపై వెనుక కూర్చుండి తాళం వేసే మనిషి ఏ సంవత్సరం వెళ్ళాడో, ఎవరు వచ్చారో, ఎప్పుడు తిరిగివచ్చాడో శ్రోతలు లెక్క వ్రాసి ఉంచుకొన్నారు.

ఇక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల సంగతి. 1946 నుండి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటంలో ఈ సీమ పాత్ర చరిత్ర కెక్కింది. ఆ పోరాటం పాటతోను, కథతోను నడిచింది. సూర్యాపేటకు, కోదాడకు నడుమనున్న మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యమే అయినా, అది ఆనాడు మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాకు చెందినది. కోస్తా బుర్రకథకు, తెలంగాణ జానపదానికి ఇక్కడ ఇరుగుపొరుగు సంబంధం. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఉద్యమానికి అనువుగా మలచాడు. మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలతో స్త్రీలను కదలించింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకాన్ని అందించారు. ఈ పేర్లు నిలిచాయి, నిలువవలసినవే. కాని హనుమంతు ప్రక్కన నిలిచి సుద్దులకు వంత పలికినవారెవరు? స్వరాజ్యం చరణమెత్తితే “ఉయ్యాలో” అని బదులిచ్చిన స్త్రీలెవరు? ఏ పాఠ్యపుస్తకమూ విద్యార్థికి ఈ ప్రశ్నలకు బదులు చెప్పదు.

వంత మారితే కథ మారుతుంది. తంబురా శ్రుతి కథకుని గొంతుకు కుదిరి ఉంటుంది. క్రొత్త వంత ఆ శ్రుతి నందుకోలేకపోతే కథకుడే తన స్థాయిని దించుకోవలసి వస్తుంది. చరణం చివర కథకుడు ఊపిరి తీసికొనే వ్యవధి వంతలు ఇచ్చేదే. రాజకీయం చెప్పే వంత ఊరి సంగతు లెరిగినవాడైతే పల్నాటి యుద్ధంలోకి నిన్నటి శిస్తు గొడవ వచ్చి చేరుతుంది. ఎరుగనివాడైతే కథ పన్నెండవ శతాబ్దంలోనే నిలిచిపోతుంది. హాస్యం చెప్పే వంత చతురత తగ్గితే శోకఘట్టానికి ముందు సభ నవ్వదు. నవ్వని సభకు ఆ శోకం బరువూ పూర్తిగా తెలియదు. కాబట్టి దళంలో ఎవరు ఎప్పుడు మారారన్నది కథాస్వరూపానికే సంబంధించిన విషయం.

దీని కొక ఆక్షేపణ రావచ్చును. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించి, 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో కీర్తిశేషుడైన షేక్ నాజర్ స్వీయప్రతిభతోనే బుర్రకథకు పర్యాయపదమయ్యాడు గదా అని. ఆయన ప్రతిభ నిస్సందేహమైనది. కాని అంతటి నాజర్ కూడ ఒంటరిగా నిలిచి చెప్పి ఉంటే అది హరికథ కాగలదేమో గాని బుర్రకథ కాదు. ముగ్గురు నిలిస్తేనే ఆ కళకు ఆ రూపం. జానపదం సమష్టి సొత్తు, పేర్లెందుకని మరికొందరనవచ్చును. సమష్టి సొత్తయితే కథకుని పేరు మాత్రం ఎందుకు మిగిలినట్లు?

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. ఈ మూడు పట్టణాల పాఠశాలలలో తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒక నోటు పుస్తకంతో తన ఊరి వృద్ధులను అడుగదగిన ప్రశ్నలు నాలుగు: ఈ ఊరి దళంలో కథకుడెవరు, వంతలెవరు? ఎవరు ఎప్పుడు మానుకొన్నారు? జైలు వల్లనా, సేద్యం వల్లనా, పెళ్ళి వల్లనా, జబ్బు వల్లనా? తరువాత కథలో ఏమి మారింది? తెలుగు ఉపాధ్యాయుడు ఆ వివరాలను ఇద్దరు ముగ్గురి మాటతో సరిచూచి, గ్రామాల వారీగా కూర్చి, పాఠశాల గ్రంథాలయంలో ఉంచితే చాలును. వ్యాసరచనకు అంతకు మించిన అభ్యాసం ఉండదు.

ఆలస్యానికి మాత్రం తావు లేదు. 1951లో ఇరువది ఏండ్ల వయసున డక్కీ పట్టినవాడు జీవించి ఉంటే నేడు తొంబది దాటినవాడు. 1970 ప్రాంతంలో వంత పాడిన యువకులు కూడ డెబ్బది దాటుతున్నారు. కథకుని పేరును కరపత్రమో, బహుమతి పత్రమో కొంతవరకు కాపాడుతుంది. వంతపాటగాని పేరు అతనిని విన్నవారి జ్ఞాపకంలో తప్ప మరెక్కడా లేదు. ఆ జ్ఞాపకం ఉండగానే పిల్లలు వెళ్ళి అడగాలి.